బొమ్మ వచ్చింది, గొంతు రాలేదు

బిష్కెక్
మే నెల, వాన పడుతున్న ఆదివారం

వదినా,

పశువులూ ప్రాణాలూ క్షేమమేనా? అన్నయ్య మోకాలి నొప్పి తగ్గిందా? బెర్మెత్ సరిగ్గా తింటోందా, లేక మీగడ నాకి రొట్టె కుక్కకి వేస్తోందా? అడగవలసినవన్నీ అడిగేశాను, మర్యాద తీరింది. ఇక అసలు సంగతికి వస్తాను, చెయ్యి ఆగట్లేదు.

కార్డు అందింది! జోల్దోష్ మామ తన బండిలోంచి టీ డబ్బా తీసి ఇచ్చి, "మీ వదిన ఇందులో ఏదో బంగారం దాచిందట, జాగర్త" అన్నాడు. బంగారమే. ఎండు పెరుగు ఉండల అడుగునుంచి వేలిగోరంత మెమరీ కార్డు తవ్వి తీశాను. స్టూడియో అంతా ఇప్పుడు మన ఇంటి వాసన. మా స్టూడియో యజమాని కుబాత్ అన్న ముక్కు మూసుకున్నాడు కానీ ఉండలు మాత్రం గుప్పెడు జేబులో వేసుకున్నాడు.

ఇక ఆ బొమ్మ! నువ్వు బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నావు. బిడ్డ చచ్చిపుట్టిన ఆ నల్లమొహం గొర్రె నీకు వీపు తిప్పి నిలబడింది. తల్లి లేని గొర్రెపిల్ల దాని వెనక వణుకుతోంది, అది దగ్గరికి వెళ్తే గొర్రె తల వంచి ఒక్క కుమ్ము కుమ్ముతోంది. నువ్వు పాడటం మొదలుపెట్టావు. ముందు దాని చెవి కదిలింది. తర్వాత మెడ తిరిగింది. చాలాసేపటికి వంగి ఆ అనాథపిల్ల వీపు నాకింది. దాని కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, నిజంగా! కుర్చీలోంచి లేచి గంతులేశాను. ఇంత అందంగా తీసింది ఆరేళ్ళ నా కూతురు బెర్మెత్ అంటే ఎవరూ నమ్మడంలేదు. ఒక చోట దాని వేలు అడ్డొచ్చింది, ఆ వేలు కూడా నాకు ముద్దుగానే ఉంది.

కానీ వదినా, గొంతు లేదు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్‌తో తీసిన ముక్క వేస్తే పైన బొమ్మల వరస, కింద ధ్వని వరస రావాలి. పైన వచ్చింది. కింద ఏమీ లేదు, గొడ్డలి పెట్టి నరికేసినట్టు. గొర్రె ముందు కూర్చుని నోరు తెరుస్తూ మూస్తూ నువ్వు అచ్చం గట్టున పడ్డ చేపలా ఉన్నావు. క్షమించు, నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

ఈ పోటీ నాకు ఎందుకు కావాలో నీకు తెలుసు. ఫోన్‌తో తీసిన చిన్న చిత్రాలు, మన పాత పాటల మీద. జూలై మొదటి వారంలోగా పంపాలి. ఎంపికైతే ఎడిటర్ కుర్చీ నాకే ఇస్తానని కుబాత్ అన్న అందరి ముందూ అన్నాడు. అంటే పగటి పని. పెళ్ళిళ్ళ వెంట తెల్లవార్లూ కెమెరా సంచులు మొయ్యక్కర్లేదు. పగటి పని దొరికితే సెప్టెంబరులో బెర్మెత్‌ని ఇక్కడే బడిలో వేస్తాను. దాని తండ్రి రష్యా వెళ్ళి మాయమైనప్పుడు రెండేళ్ళ పిల్లని నీ ఒళ్ళో పెట్టి వచ్చాను. నువ్వు ఒక్క మాట కూడా అనకుండా పెంచావు. ఇక నా బిడ్డ నా దగ్గర ఉండాలి వదినా, నాకు అదొక్కటే కావాలి.

అందుకని, నా బంగారు వదినవి కదా, ఆ గొర్రె ముందు ఇంకోసారి కూర్చుని పాడవా? ఈసారి ఫోన్‌ని కొంచెం దగ్గరగా పట్టుకోమని బెర్మెత్‌కి చెప్పు.

నీ మరదలు
మేరిమ్


ఎచ్కిలీ-తాష్ శీతాకాలపు మకాం
మే నెల, మందకి ఉన్ని కత్తిరిస్తున్న రోజులు

తెల్లపిల్లా,

ఇక్కడ పశువులూ ప్రాణాలూ అన్నీ క్షేమం. మీ అన్నయ్య మోకాలు పని ఉన్న రోజు నొప్పి, విందు ఉన్న రోజు మాయం. బెర్మెత్‌కి ముందు పన్ను ఊడింది. దాన్ని రొట్టెలో పెట్టి కుక్కకి వేసింది, కొత్తది కుక్కపన్నంత గట్టిగా రావాలని. నువ్వు చెప్పినట్టు రొట్టె కుక్కకే పోతోంది, కానీ కారణం ఉంది.

నేను చేపనా? ఆ రోజు పొద్దుటినుంచి గొంతు ఎండిపోయేదాకా పాడాను. మీ అన్నయ్య కొండ అవతలనుంచి విని, ఎవరైనా పోయారేమోనని గుర్రమెక్కి వచ్చాడు. అంత గొంతు నీ పెట్టెలో కనపడలేదంటే తప్పు నా గొంతుదా, నీ పెట్టెదా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వ్యవహారం.

మళ్ళీ పాడమంటున్నావు. ఆ పాట ఒక గొర్రెకి ఒక్కసారే. మీ అమ్మ నాకు నేర్పేటప్పుడు ముందు చెప్పిన మాట అదే. తల్లి కాని దాన్ని తల్లిని చెయ్యడానికి ఆ పాట. తల్లి అయ్యాక మళ్ళీ పాడితే, ఇది నీ బిడ్డ కాదని గుర్తు చేసినట్టే. చచ్చిన పిల్ల తోలు బతికిన పిల్లకి కప్పి గొర్రెని మోసం చేసేవాళ్ళు పక్క మకాముల్లో ఉన్నారు. మన ఇంట్లో మోసం లేదు, పాటే ఉంది. నువ్వు ఈ ఇంటి ఆడపడుచువి, పరాయి ఇంటినుంచి వచ్చిన నేను నీకు ఇది చెప్పవలసి వచ్చింది. బాగుంది.

అయినా నీ ఉత్తరం చదివాక నాకూ అనుమానం తగిలింది. ఫోన్ తీసి దొడ్డి దగ్గర నిలబడి ఆ ముక్క నొక్కాను. ఏమైందో విను. పాట ఫోన్‌లో మొదలైందో లేదో, ఆ నల్లమొహం గొర్రె అవతలి మూలనుంచి అరుచుకుంటూ వచ్చి నా చేతిని కుమ్మింది. ఫోన్ పేడలో పడింది. దానికి నా గొంతు ఎక్కడనుంచి వస్తోందో అర్థంకాక, ముందు నా మొహం వాసన చూసింది, తర్వాత ఫోన్ వాసన చూసింది, ఆఖరికి తన పిల్లని వెతుక్కుని దాని ముందు అడ్డంగా నిలబడింది. వెంటనే ఆపేశాను. దేవుడి దయవల్ల పిల్లని వదల్లేదు.

కనక గొంతు ఉంది. గొర్రె సాక్ష్యం. ఇంతకంటే పెద్ద సాక్షిని మీ పట్నంలో తేగలవా?

ఉన్ని కత్తిరించడం అయిపోగానే కొండ మీది వేసవి మేతకి, జైలూకి ఎక్కుతాం. మేత ఈసారి బాగుందంటున్నారు. ఆ తర్వాత ఉత్తరాలన్నీ పైకే పంపు.

నీ వదిన
సైరకన్

అడగడం మరిచాను. బడి సెప్టెంబరు మొదటి తేదీనేనా? కొంచెం ఆలస్యంగా వేసినా తీసుకుంటారా?


బిష్కెక్
మే నెలాఖరు

వదినా, వదినా, వదినా!

నీ గొర్రె పాదాలకి దండం. దాని మెడలో ఎర్ర దారం కట్టు, నా తరఫున.

అది నీ చేతిని కుమ్మిన ముక్క చదవగానే స్టూడియోలో గట్టిగా కేకేశాను. పెళ్ళి వీడియో చూసుకోవడానికి వచ్చిన ఒక పెళ్ళికూతురు ఉలిక్కిపడింది. "గొంతు ఉంది! గొర్రె విన్నది!" అంటే ఆ పిల్ల తన పెళ్ళి గురించి అనుకుని కంగారుపడింది.

ఇన్నాళ్ళూ నేను చేసింది చెబితే నవ్వుతావు. ముందు స్పీకర్లు మార్చాను. తర్వాత తీగ మార్చాను. సాఫ్ట్‌వేర్‌లో ధ్వని మూసే మీట ఎవరైనా నొక్కారేమోనని చూశాను, లేదు. ముక్కని తీసేసి మళ్ళీ వేశాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వెలిగించాను. కుబాత్ అన్న వచ్చి దాని నెత్తిమీద ఒక్కటి కొట్టాడు, ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే. మామూలుగా సినిమాలు చూసే దాంట్లో వేసి చూసినా అదే మూగనోము. దాంతో, తీసేటప్పుడే బెర్మెత్ వేలు మైకు మీద పెట్టిందేమో, అసలు గొంతు ఎక్కలేదేమో అనుకున్నాను.

ఇప్పుడు దారి మారింది! గొంతు ఫోన్‌లో ఉంది, ఫైలులో ఉంది, మా కంప్యూటర్‌కే వినపడటంలేదు. పెళ్ళివాళ్ళ ఫోన్లనుంచి వచ్చిన ముక్కలన్నీ మాట్లాడుతున్నాయి, నీదొక్కటే మాట్లాడదు. ఫైలు వివరాలు తెరిచి చూస్తే, ధ్వని: ఉంది, రకం: తెలియదు అని రాసుంది. ఉందని అదే చెబుతుంది, ఏమిటో తనకి తెలియదని కూడా అదే చెబుతుంది. మన ఊరి పెద్దమనిషి లాంటి కంప్యూటర్.

ఒక్కటే భయం. కుబాత్ అన్నకి ఓపిక తక్కువ. "సంగీత కళాశాల పిల్ల ఒకత్తి ఉంది, గంట సేపట్లో పాడి పెడుతుంది, మీ వదిన పెదవులకి అతికించు, ఎవడికి తెలుస్తుంది?" అంటున్నాడు. నాకు మనసొప్పలేదు. అయినా అడుగుతున్నాను, పాట మాటలు రాసి పంపు, అన్నిటికీ సిద్ధంగా ఉండాలి కదా. అన్నిటికంటే ముఖ్యం, జోల్దోష్ మామ చేతికి ఆ ఫోనే ఇచ్చి పంపు. ఫోన్‌నుంచే గొంతు తీసుకుంటాను.

బడి సెప్టెంబరు మొదటి తేదీనే. మొదటి రోజు తెల్ల రిబ్బన్లు కట్టుకుని పూలు పట్టుకుని వెళ్ళాలి, ఆలస్యమెందుకు? రిబ్బన్లు అప్పుడే కొన్నాను! నా గది గోడకి వేలాడదీశాను.

మేరిమ్


జైలూ
జూన్, గుడారాలు వేసిన వారం

తెల్లపిల్లా,

పైకి చేరాం. మొదటి రాత్రే మంచు పడింది, తెల్లారేసరికి కరిగి గడ్డి మిలమిల్లాడింది. గుర్రాలకి పాలు దండిగా ఉన్నాయి. బెర్మెత్ ఒక గుర్రప్పిల్లకి నీ పేరు పెట్టింది. దాన్ని "మేరిమ్, ఇటు రా" అని పిలుస్తుంది, అది రాదు. కోడలి నోట అత్తింటివాళ్ళ పేర్లు రాకూడదు కనక, ఆ గుర్రప్పిల్లని నేను కూడా తెల్లపిల్ల అనే అంటున్నాను.

ఫోన్ సంగతి. అది నిండిపోయింది. గడ్డీ కొండా కుక్కా, చూసిందల్లా బెర్మెత్ తీస్తుంది. చోటు కోసం పాతవన్నీ తుడిచేశాను. నీ ముక్క కూడా పోయింది. నీ దగ్గర కార్డు ఉందికదా అనుకున్నాను.

కోపం తెచ్చుకోకు. కుబాత్ చెప్పినదాంట్లో తప్పేముంది? ఆ కళాశాల పిల్ల గొంతు నా గొంతుకంటే బాగుంటుంది. నాది మంచుకి బొంగురుపోయిన గొంతు. మాటలు ఆ గొర్రెని చూస్తూ అప్పటికప్పుడు కట్టినవి, ఇప్పుడు సగం గుర్తులేవు. గుర్తున్నవి రాస్తాను.

నీ కడుపున పుట్టలేదు, నీ ముందు నిలబడింది
నీ వాసన లేదు, నీ పాలకే ఏడ్చింది
పోయినదాన్ని కొండ తీసుకుంది
వచ్చినదాన్ని నువ్వు తీసుకో

ఈ నాలుగూ చాలు. ఇదే మళ్ళీ మళ్ళీ పాడించు. పోటీకి పాట కావాలి కానీ నేను ఎందుకు?

జోల్దోష్‌కి వెన్న ఇచ్చి పంపాను. అడుగున ఏమీ దాచలేదు, తవ్వకు.

సైరకన్


బిష్కెక్
జూన్ నెల, ఎండ మండుతోంది

వదినా,

నీ మీద కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. నన్ను అడక్కుండా తుడిచేస్తావా? నా చేతిలో మిగిలింది ఒక్క మూగ కార్డు. పైగా "నేను ఎందుకు" అంటావా? నువ్వు లేకపోతే అది ఒక గొర్రె వీడియో!

ఆ కోపంలోనే కుబాత్ అన్నతో, "పరాయి గొంతు పెట్టను, ఏం చేస్తావో చేసుకో" అనేశాను. "గొంతు లేని పాట పంపుతావా, మొండిదానా?" అన్నాడు. "తెస్తాను" అన్నాను. అనేశాక తప్పదు కదా, కూర్చున్నాను.

దొరికింది!!!

దొంగ ఎవరో తెలుసా? నేనే! కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు ఆ కొత్త ఫోన్ ఇచ్చి, నాకేదో పెద్ద తెలిసినట్టు, అన్నీ గొప్పవాటికి మార్చి పెట్టాను గుర్తుందా? బొమ్మ గొప్పది, ధ్వని గొప్పది. ఆ గొప్ప ధ్వనిని ఫోన్ ఒక కొత్త రకం మూటలో కట్టి పెడుతుంది. మా స్టూడియో సాఫ్ట్‌వేర్‌కి ఆ ముడి విప్పడం రాదు. పెళ్ళివాళ్ళ ఫోన్లలో ఎవరూ ఏమీ మార్చరు కనక అవి మామూలు మూటలు. ఇంత రాద్ధాంతానికి కారణం నా తెలివితేటలే.

ముడి ఏదైనా విప్పే చిన్న ఉచిత ప్రోగ్రాం ఒకటి దొరికింది. అందులో వేసి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ముందు గాలి. తర్వాత ఎక్కడో కుక్క. తర్వాత నువ్వు! వదినా, నీ గొంతు ఆ బొంగురుతో సహా చెవిలోకి వచ్చింది. అచ్చం అమ్మలాగే రాగం లాగి వదులుతున్నావు. నాకు తెలియదు అది. అమ్మ పోయాక ఆ లాగడం మళ్ళీ విన్నది ఇప్పుడే.

మొదటి చరణం మాత్రమే విన్నాను. జోల్దోష్ మామ కింద హారన్ మోగిస్తున్నాడు, ఈ సంతోషం ముందు నీకు చేరాలి. ఇంకా పని ఉంది. ధ్వనిని మామూలు రకంలోకి మార్చి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ధ్వని వరస వచ్చింది, ముద్దు పెట్టుకున్నాను తెరని. కానీ పోనుపోను గొంతు ముందు పరుగెడుతోంది, పెదవులు వెనకబడుతున్నాయి. ఫోన్ ఒకసారి తొందరగా, ఒకసారి నింపాదిగా బొమ్మలు తీస్తుందట, వాటిని సమానం చెయ్యాలి. చేస్తాను! తర్వాత మొత్తం తీరిగ్గా కూర్చుని చివరిదాకా వింటాను.

మేరిమ్


జైలూ
జూన్

తెల్లపిల్లా,

జోల్దోష్ బండి కింద ఆపి, గుర్రం మీద పైకి వచ్చి మరీ ఉత్తరం ఇచ్చాడు. నీ సంతోషం చూసి నవ్వాను. తర్వాత కూర్చుండిపోయాను.

ఒక్క మాట విను. పాట అయిపోయిన చోట ఆపెయ్యి. గొర్రె పిల్లని నాకడం మొదలుపెట్టగానే కత్తిరించు. ఆ తర్వాత ఏమీ లేదు, గాలి మోత, బెర్మెత్ వాగుడు. వినక్కర్లేదు. నీకు పని ఎక్కువ కదా, ఎందుకు సమయం పాడుచేసుకోవడం?

ఫోన్ నిండిపోయిన మాట నిజమే. కానీ తుడిచింది చోటు కోసం కాదు. ఇంతకంటే అడక్కు.

సైరకన్


బిష్కెక్
ఆగస్టు మొదటి వారం

వదినా,

నీ ఉత్తరం వచ్చేసరికే చివరిదాకా విన్నాను. ఇన్ని వారాలు జవాబు రాయనిది అందుకే. జోల్దోష్ మామ వచ్చినప్పుడల్లా, "ఉత్తరం లేదా అమ్మాయ్, మీ వదిన దారిలో నిలబడి ఉంటోంది" అన్నాడు. వట్టి చేతులే చూపించాను.

మంచి కబురు ముందు. మన చిత్రం ఎంపికైంది! పెద్ద తెర మీద వేశారు. గొర్రె వంగి పిల్లని నాకగానే వెనక వరసలో ఒక ముసలాయన లేచి చేతులు చాచి దీవించాడు, సినిమా హాల్లో వదినా! కుబాత్ అన్న ఏడ్చి, దుమ్ము పడింది కంట్లో అన్నాడు. కుర్చీ నాదేనన్నాడు. చిత్రం నువ్వు చెప్పిన చోటే ముగిసింది. ఆ తర్వాతది ఎవరికీ వినిపించలేదు, కుబాత్ అన్నకి కూడా.

కానీ నేను విన్నాను. ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

పాట అయిపోయింది. గొర్రె నాకుతున్న చప్పుడు. తర్వాత ఫోన్‌కి బాగా దగ్గరగా నా కూతురి గొంతు.

"అత్తా, పట్నంలో అమ్మ కూడా ఇలాగే నన్ను వద్దందా?"

"వద్దనలేదే. దానికి పనుంది" అన్నావు నువ్వు.

"ఈ గొర్రెకీ పనుందా?"

గొర్రె ఒకసారి అరిచింది. మళ్ళీ బెర్మెత్ గొంతే.

"నన్ను బడికి తీసుకెళ్ళాక అమ్మ కుమ్మితే? నువ్వొచ్చి పాడతావా?"

నువ్వు, "పాడను" అన్నావు.

"ఎందుకూ?"

"పాడితే నువ్వు దానిదానివైపోతావు."

అక్కడితో ఆగిపోయింది.

ముందు నీ మీద కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు ఆడాలి? నా బిడ్డతో అనవలసిన మాటేనా అనుకున్నాను. ఆ కోపం ఒక పూట కూడా నిలవలేదు. నాలుగేళ్ళు దానికి జ్వరం వస్తే మేలుకున్నది నువ్వు. నీకు పిల్లలు లేరు. నేను నా గోడకి రిబ్బన్లు వేలాడదీసుకుని, ఆ సంగతి నీకే ఉత్సాహంగా ఉత్తరం రాశాను. నువ్వేమో ఆ గొర్రె ముందు కూర్చుని, పోయినదాన్ని కొండ తీసుకుంది అని పాడావు. ఆ మాట నువ్వు గొర్రెకే పాడుకున్నావా వదినా?

గొర్రెకి పని లేదు కదా, మరి దానికేమైంది? ఆరేళ్ళ పిల్ల అడిగింది. కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు అది నా దగ్గర పడుకోకుండా నీ దుప్పట్లో దూరితే, సిగ్గు కాబోలు, పోనీలే అనుకున్నాను. అది సిగ్గు కాదు, నేను కుమ్ముతానేమోనని భయం.

నేను వస్తున్నాను. దాన్ని తీసుకురావడానికి కాదు. మందలో కొత్త పిల్లనీ గొర్రెనీ కలిపి చిన్న దొడ్లో పెడతారు కదా, ఒకరి వాసన ఒకరికి పట్టేదాకా. మమ్మల్నిద్దరినీ అలా పెట్టు. పాలు పితుకుతాను, పేడ ఎత్తుతాను, బెర్మెత్ ఏం చెప్తే అది చేస్తాను. సెప్టెంబరు వచ్చేసరికి అది నా చెయ్యి పట్టుకుంటే ఇద్దరం కిందికి దిగుతాం. పట్టుకోకపోతే ఈ ఏడు మన ఊరి బడిలోనే చదువుతుంది, నీ దగ్గరే ఉంటుంది, నేను ప్రతి నెలా వస్తాను.

కుబాత్ అన్నతో చెప్పాను. "ఆగస్టులోనా? పెళ్ళిళ్ళన్నీ ఇప్పుడేగా! వెళ్తే కుర్చీ సంగతి నేను చెప్పలేను, ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించుకున్నాను. కుర్చీ పోతే ఇంకో కుర్చీ వెతుక్కుంటాను. ఇది రాస్తూంటే భయమో సంతోషమో తెలియడంలేదు వదినా, రెండూ ఒక్కసారే వస్తున్నాయి.

నిన్ను పాడమని అడగను. పాట నీది. ఇవ్వడం మానడం నీ ఇష్టం.

మేరిమ్


జైలూ
ఆగస్టు, గడ్డి పండుబారుతోంది

తెల్లపిల్లా,

ఎంపికైందా! మీ అన్నయ్య వెంటనే ఒక గొర్రెపోతుని కోయించాడు. పక్క గుడారాలవాళ్ళందరూ వచ్చి తిని, పట్నంలో నన్ను ఎంతమంది చూశారో అడిగి అడిగి చంపారు. ఒకావిడ, "నీ తలగుడ్డ వంకరగా ఉందేమో చూసుకోవలసింది" అంది. దాని కుళ్ళు దానిది. మీ అన్నయ్య మాత్రం అందరూ వెళ్ళాక, "మా అమ్మ గొంతు విన్నారన్నమాట అంతమంది" అని నాకు వీపు తిప్పుకుని పడుకున్నాడు.

ఇన్ని వారాలు నీ ఉత్తరం రాకపోతే, ఇక నాతో మాట్లాడవనుకున్నాను. బండి చప్పుడు వినపడ్డప్పుడల్లా బయటికి వచ్చాను. నువ్వు విన్నావని తెలిసిపోయింది. తుడిచినందుకు మొదట సంతోషించాను, తర్వాత కార్డు ఉందని గుర్తొచ్చి భయపడ్డాను. అది నిన్ను నొప్పిస్తుందని తుడిచానని నాకు నేను చెప్పుకున్నాను. సగమే నిజం. నా మాట నువ్వు వినకూడదని తుడిచాను.

గొర్రెకి కాదు, నా కోసమే పాడుకున్నాను. నాకు పిల్లలు లేరని ఎవరూ నా మొహం మీద అనలేదు. అందుకే నేనూ ఎప్పుడూ అనుకోలేదు. బెర్మెత్ ఉండగా అనుకోవలసిన అవసరం రాలేదు. ఆ రోజు దాని ప్రశ్నకి జవాబు చెప్పబోతే నోట్లోంచి ఆ మాట వచ్చింది. రాత్రంతా నా మీద నాకే అసహ్యం వేసింది. పాడనన్నవాళ్ళకి ఆ పాట నేర్పకూడదు, మీ అమ్మ ఉంటే నా జుట్టు పట్టుకునేది.

నీ ఉత్తరం బెర్మెత్‌కి చదివి వినిపించాను. ఏదీ దాచలేదు. నువ్వు దాని ప్రశ్న విన్నావని చెబితే చెవులు ఎర్రబడ్డాయి, గుడారం వెనక్కి వెళ్ళి దాక్కుంది. కాసేపటికి తనే వచ్చి నా ఒళ్ళో కూర్చుంది.

"అమ్మ నన్ను కుమ్ముతుందా?" అంది.

"మొదట్లో నీతో ఎలా ఉండాలో దానికి చేతకాదేమో. నువ్వు మాత్రం పారిపోకూడదు" అన్నాను.

"మరి నేను కుమ్మితే?"

నేను అది ఆలోచించలేదు. నువ్వూ ఆలోచించి ఉండవు. అది కుమ్ముతుంది, మొండిది, ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు. మొదటి రోజు నీ మొహం చూడదు, నువ్వు కలిపిన టీ తాగదు, గుర్రప్పిల్లని నీ పేరుతో పిలిచి తిడుతుంది.

"అప్పుడు మీ అమ్మ పారిపోకూడదు" అన్నాను దానితో. నీతో కూడా అంటున్నాను.

ఈ ఉత్తరం తెచ్చిన బండిలోనే ఎక్కు. ముందు సీటు నీకు ఉంచమని జోల్దోష్‌కి చెప్పాను. పైన చలి మొదలైంది, మందపాటి కోటు తెచ్చుకో. మా గుడారం పక్కనే చిన్న గుడారం వేయించాను, మీ ఇద్దరికీ. అందులో పరుపు ఒకటే వేశాను.

సాయంత్రం మందని దొడ్లోకి తోలాక మీ ఇద్దర్నీ ఆ చిన్న గుడారం గుమ్మంలో కూర్చోబెడతాను. మీ అన్నయ్యనీ, పక్క గుడారాలవాళ్ళనీ దూరంగా పొమ్మంటాను. ఫోన్‌లూ కెమెరాలూ ఎవరి చేతిలోనూ ఉండకూడదు, నీ చేతిలో కూడా.

పాడతాను. నువ్వు రా.

నీ వదిన
సైరకన్